అన్నమునకు భయపడు మనస్సు

(పాండేసరలో జరిగిన మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము యొక్క పాఠము)



సూరతునకు బదిలీపై వచ్చిన ప్రతి యుద్యోగికిని మొదటి వారముననే వినబడు గుజరాతీ సామెత యొకటి కలదు. భోజనము చేసిన సూరతులో చేయవలెను, మరణించిన కాశిలో మరణింపవలెను అని దాని భావము. శరత్పూర్ణిమ మరునాడు చందీ పడ్వో పేరిట ఊరంతయు ఘారీ తినును. చలికాలమున ఉంధియు, లేత జొన్నకంకులను కాల్చి రాల్చిన పోంకు, ఉదయమున వేడి లోచో - ఇవి లేని సూరతును ఊహింపజాలము. మనమును తక్కువవారము కాము. ఈ పాండేసరలో అద్దకపు మిల్లుల పొగగొట్టముల నీడన ఎన్ని యేండ్లు గడచినను, సంక్రాంతికి సకినాలును, ఉగాదికి భక్ష్యములును చేయని తెలుగిల్లు అరుదు. ఎవరైన గడప తొక్కిన "తిన్నరా?" అని యడిగిన తరువాతనే "మంచిగున్నరా?" అని యడుగుదుము.

ఇట్టి యూరిలో, ఇట్టి జనుల యెదుట, విస్తరి ముందర కూర్చుండియు తినలేని వారిని గూర్చి మాటాడుట కొందరికి విడ్డూరముగ తోచవచ్చును. కరవు వలన తినలేనివారిని గూర్చి కాదు నేను చెప్పునది. కుండలో అన్నము ఉండగా, మనస్సు అడ్డుపడుట వలన తినలేనివారిని గూర్చియు, లేక అదే మనస్సు తరుముట వలన ఆకలి లేకున్నను ఆపుకొనలేక తిని, పిదప కుమిలిపోవువారిని గూర్చియు. నేను వైద్యుడను కాను. దస్త్రములు చూచుకొను సామాన్యోద్యోగిని. ఈ విషయమును చదువవలసి వచ్చుటకు కారణము మా యింట జరిగిన యొక సంగతి. దానిని మా మేనకోడలి యనుమతితోనే, ఆమె పేరు చెప్పక, మీకు విన్నవించుచున్నాను.

కొన్ని సంవత్సరముల క్రిందట కరీంనగరులో మా బంధువుల యింట పెండ్లి జరిగినది. పంక్తిలో నేను వడ్డన చేయుచుంటిని. పదునైదేండ్ల మా మేనకోడలు రెండవ గారె కొరకు చేయి చాపినది. నేను నవ్వుచు, "చాల్తీయ్ బిడ్డా, ఇంకోటి తింటె మీ నాయిన కట్నం పెంచవలసి వస్తది" అంటిని. పంక్తి యంతయు నవ్వినది. పిల్లయు నవ్వినది. వడ్డించిన గారె మాత్రము విస్తరిలోనే మిగిలినది. ఆ సంగతి నాడు నా కంటబడలేదు.

తరువాతి యేడాదిలో ఆ పిల్ల శనివారము ఒక్కపొద్దు మొదలుపెట్టినది. దానికి సోమవారము తోడైనది. నవరాత్రులలో తొమ్మిది దినములును ఉపవాసమే. "పిల్లకు భక్తి పెరిగిందన్నా" అని మా చెల్లెలు సంతోషించినది. బంధువులు "సన్నగయినవ్, మంచిగున్నవ్" అని మెచ్చుకొనిరి. చదువులో మార్కులు పెరిగినవి. తమ్మునికి స్వయముగా మిఠాయిలు చేసి పెట్టును, తాను ముట్టదు. రాత్రివేళ అందరును నిద్రించిన పిదప మేడమెట్లు ఎక్కుచు దిగుచుండును. సూరతు ఎండలో సైతము చలి యనును. తల వెండ్రుకలు రాలినవి. నెలసరి నిలిచిపోయినది. మొదట చూపిన వైద్యుడు నీరసమని బలమునకు మందు వ్రాసెను. ఇంటిలో పెద్దలు దిష్టి తీసిరి. తుదకొకనాడు బడిలో ప్రార్థనవేళ పిల్ల కూలబడినది. అప్పుడు చూపిన మరియొక వైద్యురాలు తల్లిదండ్రులను బయట కూర్చుండబెట్టి, అరగంటసేపు ఆ పిల్లతో ఒంటరిగా మాటాడెను. అప్పటికి గాని మా యింటిలో నున్న జబ్బు పేరు మాకు తెలియలేదు.

ఈ జబ్బు నేటి నాగరికతతో పుట్టినది కాదు. అరుచి యను వ్యాధిని చెప్పుచు చరకసంహిత వాతాది దోషములతో పాటు శోకము, భయము, క్రోధము మున్నగు మనోవికారములను గూడ కారణములుగా పేర్కొన్నది. ఇంగ్లండులో రిచర్డ్ మార్టన్ అను వైద్యుడు 1689లో ప్రకటించిన గ్రంథమున, రేయింబవళ్ళు పుస్తకములపై వంగి, తిండి మాని, ఎముకల గూడుగా మారిన పదునెనిమిదేండ్ల పిల్లను వర్ణించెను. ఆమెకు క్షయ లేదు, జ్వరము లేదు. దుఃఖమును చింతయును కారణములని యాతడు తలచెను. 1873లో లండనులో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసెగ్ వేర్వేరుగా ఈ వ్యాధిని వివరించిరి. గల్ దానికి అనొరెక్సియా నెర్వోసా అని పేరిడెను. ఆకలి లేకపోవుట అని ఆ మాటకు అర్థము. నిజమునకు ఆ పేరు సరిపడదు. రోగికి ఆకలి లేకపోవుట కాదు; ఆకలిని జయించుటయే గొప్పయని తోచుట ఆ రోగము.

దీనికి తోబుట్టువు మరియొకటి కలదు. అతిగా, దొంగచాటుగా తిని, వెంటనే భయపడి, వాంతి చేసికొనియో, విరేచనములకు మందు మ్రింగియో, కఠినముగ పస్తుండియో దానిని కక్కివేయ జూచుట. దీనిని 1979లో లండనులో జెరాల్డ్ రసెల్ బులీమియా నెర్వోసా అని వర్ణించెను. గ్రీకుభాషలో బులీమియా యనగా ఎద్దు ఆకలి. వీరి బరువు తరచు అందరివలెనే యుండును గనుక ఇంటివారికి సంవత్సరముల తరబడి తెలియదు. మూడవది, కక్కుట లేకుండ అదుపు తప్పి తినుట. దీనిని అమెరికాలో ఆల్బర్ట్ స్టంకర్డ్ 1959లోనే గుర్తించెను. ప్రత్యేక వ్యాధిగ 2013లో అక్కడి మనోవైద్యుల గ్రంథమున చోటు దొరికినది. ఇవి ఆడపిల్లలకు మాత్రమే వచ్చునని యనుకొనరాదు. మగవారికిని వచ్చును, వారు చెప్పుకొనుటకు మరింత సిగ్గుపడుదురు.

ఇక కారణముల మాట. ఒక్క కారణము చెప్పుమన్న ఎవ్వరును చెప్పజాలరు. విత్తనము, నేల, వాన మూడును కలిసిన గాని మొలక రాదు గదా! విత్తనము కొంత పుట్టుకతో వచ్చును. కవల పిల్లలపై జరిగిన పరిశోధనలు వంశపారంపర్యమునకు ఇందు గణనీయమైన పాలు కలదని చూపినవి. 2019లో పలుదేశముల శాస్త్రజ్ఞులు సుమారు 17,000 మంది అనొరెక్సియా రోగుల జన్యువులను పరిశీలించి, ఈ వ్యాధితో సంబంధము గల 8 స్థానములను కనుగొనిరి. "తల్లి పెంపకము సరిగా లేదు" అని మా చెల్లెలి ముఖముననే చెప్పిన వారి నోళ్ళు మూయించుటకు నాకీ యొక్క సంగతి చాలును.

నేల యనగా స్వభావము. ఈ వ్యాధికి లోనగువారిలో చాలమంది చెడ్డపిల్లలు కారు. బుద్ధిమంతులు, చెప్పినమాట వినువారు, తొంబదితొమ్మిది మార్కులు వచ్చిన ఆ యొక్క మార్కు ఏమయ్యెనని ఏడ్చువారు. ఏ పనియు లోపము లేకుండ చేయవలెనను పట్టుదల వారిని పీడించును. హిల్డే బ్రూఖ్ అను వైద్యురాలు ఇట్టి పిల్లలను గూర్చి 1978లో వ్రాసిన పుస్తకమునకు బంగారు పంజరము అను అర్థము వచ్చు పేరు పెట్టెను. అందరి మెప్పునకై పెరిగిన పిల్లకు, తన జీవితములో తనదని చెప్పుకొనదగినది ఏదియు లేదని తోచినపుడు, తన దేహమొక్కటియే తన యేలుబడిలో నున్న రాజ్యముగ కనబడును. ఆకలిని అణచిన ప్రతిదినమును ఒక విజయము. మా మేనకోడలికి తండ్రి బదిలీల వలన మూడు బడులు మారినవి, మూడు భాషలు మారినవి, స్నేహితురాండ్రు మారిరి. "మామా, ఆ యేడు నా చేతిలున్నది నా పళ్ళెమొక్కటే" అని ఆమె తరువాత చెప్పినది.

ఆక్స్‌ఫర్డులో క్రిస్టఫర్ ఫేర్‌బర్న్, ఆయన సహచరులు 2003లో ఈ వ్యాధులన్నిటికిని మూలమున నుండునది ఒక్కటేయని ప్రతిపాదించిరి. మనుష్యుడు తన విలువను పలు విధముల కొలుచుకొనును: పని, స్నేహము, చదువు, కుటుంబము. ఈ రోగి తన విలువనంతయు శరీరపు కొలతతోడనే, తిండిపై తనకుగల అదుపుతోడనే తూచుకొనును. తక్కెడలో ఒక్క రాయియే మిగులును. దీనికి తోడు నాలుగు చిక్కులు వ్యాధిని వదలనీయవని వారు చెప్పిరి: లోపమును సహింపని స్వభావము, తాను దేనికిని పనికిరానను లోతైన నమ్మకము, దుఃఖము కోపము మున్నగు భావములను ఓర్చుకొనలేమి, తోడివారితో సంబంధములు చెడుట.

వాన యనగా చుట్టునున్న లోకము. ఫిజీ దీవులలో బొద్దుగా నుండుటయే అందమని తరతరములుగా భావింపబడెడిది. అచ్చటి నాడ్రోగా ప్రాంతమునకు 1995లో టెలివిజను వచ్చినది. అమెరికా పరిశోధకురాలు ఆన్ బెకర్ ఆ యేటను, తిరిగి 1998లోను అచటి బడిపిల్లలను ప్రశ్నించెను. బరువు తగ్గుటకై వాంతి చేసికొనునట్టి పిల్ల మొదటిసారి ఒక్కతెయు లేదు. మూడేండ్ల పిదప నూటికి 11 మందికి పైగా నుండిరి. నేడు ఆ టెలివిజను ప్రతి పిల్ల చేతిలో సెల్‌ఫోనై యున్నది. మన తెలుగువారిలోను ఈ విషయము తెరకెక్కినది. 2015లో ప్రకాశ్ కోవెలమూడి దర్శకత్వమున వచ్చిన సైజ్ జీరో చిత్రమునకై అనుష్క శెట్టి బరువు పెరిగి నటించెను. లావు పిల్లకు పెండ్లిచూపులలో జరుగు అవమానము ఆ కథకు ప్రాతిపదిక. ఆ యవమానము కల్పన కాదని ఇచటనున్న తల్లులందరును ఎరుగుదురు.

ఇచ్చట మనదేశమునకు సంబంధించిన యొక చిక్కు చెప్పవలసియున్నది. లావగుదునను భయము రోగి నోట వినబడినగాని పాశ్చాత్య వైద్యులు ఈ రోగమని తేల్చెడివారు కారు. హాంగ్‌కాంగులో సింగ్ లీ అను వైద్యుడు, ఆ భయము చెప్పకయే, కడుపు ఉబ్బరమనియు, ఆకలి లేదనియు మాత్రమే చెప్పి శుష్కించిన రోగులను చూపెను. మనదేశమున ఢిల్లీ వైద్యులు 1995లో ప్రకటించిన ఐదు కేసులలోను తినుటకు నిరాకరణ, వాంతులు, బరువు తగ్గుట, నెలసరి ఆగుట కలవు గాని, తమ దేహమును గూర్చిన వికృతభావన కానరాలేదు. కావున మన పిల్ల "నేను లావున్న" అని యనలేదు గదా యని ధైర్యపడరాదు. "కడుపుల మంచిగలేదు" అను మాట వెనుకను ఈ వ్యాధి దాగియుండవచ్చును.

మొదలైన కారణము పోయినను వ్యాధి ఏల పోదు? ఈ ప్రశ్నయే నన్ను మిక్కిలి బాధించినది. పెండ్లి ముగిసినది, నా పరిహాసము అందరును మరచిరి. పిల్ల మాత్రము రెండేండ్లు అన్నము ముందర వణకినది. దీనికి సమాధానము యుద్ధకాలమున అమెరికాలో దొరికినది. 1944-45లో మినెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ఆరోగ్యవంతులైన 36 మంది యువకులను, వారి సమ్మతితో, ఆరునెలలు అరకొర తిండిపై నుంచెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గినది. వారికి ముందు ఏ మనోవ్యాధియు లేదు. అయినను వారు రేయింబవళ్ళు తిండినే తలచిరి, వంటల పుస్తకములు సేకరించిరి, పళ్ళెములు నాకిరి, గంటల తరబడి ముద్ద ముద్దగ సాగదీసి తినిరి, స్నేహితులను విడిచి ముడుచుకొనిరి, విచారమున మునిగిరి. తిరిగి తిండి దొరకినపుడు కొందరు ఎంత తినినను తృప్తి చెందలేకపోయిరి. కావున రోగి మొండితనమని మనము తలచునది చాలవరకు పస్తు చేయు పని. తినకపోవుట వలన మెదడు బిగిసిపోవును. మెదడు బిగియుట వలన మరింత తినరు. తమ్మునికి మిఠాయి చేసి పెట్టి తాను ముట్టని మా పిల్లను తలచుకొని, ఆ యువకుల వంటల పుస్తకముల సంగతి చదివినపుడు నా కన్నులు చెమర్చినవి.

రెండవ కారణము మెప్పు. సన్నబడితివని మనము మెచ్చుకొనిన ప్రతిమాటయు ఆ మంటకు నేయి. మూడవది సిగ్గు. అతిగా తినువాడు పగలంతయు పస్తుండును. ఆ పస్తు వలననే రాత్రి అదుపు తప్పును. తప్పినందులకు సిగ్గుపడి మరునాడు మరింత పస్తుండును. గానుగెద్దువలె ఆ చుట్టు తిరుగుచునే యుండును. నాలుగవది ఒంటరితనము. మన మిల్లులలో, మరమగ్గముల షెడ్లలో ఇల్లు విడిచి వచ్చి, రాత్రిపాళీ చేసి, గదిలో ఒంటరిగ నుండు యువకులు కలరు. దుఃఖము చెప్పుకొన తోడులేక తిండితోనో, తిండి మానియో దానిని అణచువారు వారిలో లేరని ఎట్లు చెప్పగలము?

ఇట్లనుట వలన వ్రతోపవాసములను నిందించుచున్నానని తలపవలదు. ఏకాదశి మన ఇండ్లలో నున్నది. పర్యుషణమున జైనులైన మన ఇరుగుపొరుగువారు చేయు ఉపవాసములను చూచి గౌరవింపనివాడెవడు? కాని భేదమొకటి స్పష్టముగ కలదు. వ్రతమునకు పారణ కలదు. వ్యాధికి పారణ లేదు. వ్రతము చేయువాడు ద్వాదశినాడు సంతోషముతో పదిమందితో కూర్చుండి తినును. వ్యాధిగ్రస్తుడు పారణ దినమును చూచి భయపడి, మరియొక ఉపవాసమును వెదకుకొనును. మా చెల్లెలు పిల్ల ఉపవాసములను లెక్కించినది గాని, పారణములను లెక్కింపలేదు. నేనును లెక్కింపలేదు. తల్లులారా, మీరు లెక్కింపుడు.

ఇక చేయవలసినది. పిల్లలు పంక్తికి రాక తప్పించుకొనుచున్నను, భోజనమైన వెంటనే స్నానపుగదికి పోవుచున్నను, వదులు దుస్తులలో దాగుచున్నను, నెలసరి నిలిచినను, చలి యనుచున్నను, తిట్టక, బ్రతిమాలక, వైద్యుని వద్దకు తీసికొనిపొండు. ఇది ప్రాణాపాయకరమైన వ్యాధి. మనోవ్యాధులలో మరణములు అధికముగ గలవానిలో అనొరెక్సియా యొకటి. చాలకాలము పస్తున్న దేహమునకు ఒక్కసారిగా కడుపునిండ పెట్టుటయు ప్రమాదమే. రక్తములోని లవణములు తారుమారై గుండెకు హాని కలుగవచ్చును గనుక, మిక్కిలి చిక్కినవారికి వైద్యుని పర్యవేక్షణలోనే తిండి పెంచవలెను. పిన్నవయసు వారి విషయమున తల్లిదండ్రులే చికిత్సకు ఆయుధము. లండనులోని మాడ్స్‌లే ఆసుపత్రివారు 1987లో ప్రకటించిన పరిశోధన తరువాత, కుటుంబమును దోషిగ కాక తోడుగ నిలిపి, తల్లిదండ్రులే ప్రతిపూట దగ్గర కూర్చుండి తినిపించు పద్ధతి వ్యాపించినది. మా చెల్లెలు సెలవు పెట్టి, నెలల తరబడి మూడుపూటలును ఆ పిల్ల ప్రక్కన కూర్చుండెను. వాదింపలేదు. విస్తరి ముందునుండి లేవలేదు. ఓర్పుతో కూర్చుండుటయే ఆమె చేసిన తపస్సు.

సూరతులో మజూరా గేటు వద్ద న్యూ సివిల్ ఆసుపత్రిలో మనోవైద్య విభాగము కలదు. కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీమానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసిన, ఖర్చు లేకుండ, తెలుగులో సైతము మాటాడవచ్చును. కార్యాలయమున తెలియునేమో, పిల్ల పెండ్లికి అడ్డగునేమో అను భయముతో నెలలు గడపవలదు. మేము గడపితిమి. ఆ నెలలు పిల్ల ఎముకలలో నుండి పోయినవి.

మా మేనకోడలు రెండేండ్లకు కోలుకొన్నది. నేడు కళాశాలలో చదువుచున్నది. ఒకనాడు ధైర్యము తెచ్చుకొని, "బిడ్డా, నా మాట వల్లనేనా?" అని యడిగితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "నీ మాటతోనే జబ్బు రాలే మామా. కని తిన కూసున్నప్పుడల్లా ఆ మాట ఇనబడేది" అన్నది. ఆ సమాధానములో నాకు క్షమయు కలదు, శిక్షయు కలదు.

సోదరీసోదరులారా! మనము వైద్యులము కాకపోవచ్చును. విత్తనమును మార్చలేము; సెల్‌ఫోనుల వానను ఆపలేము. కాని మన పంక్తిలో మన నోటినుండి వచ్చు మాట మన చేతిలోనిది. లావని గాని, సన్నమని గాని, మంచికి గాని, చెడుకు గాని, పిల్లల దేహమును గూర్చి పంక్తిలో మాటాడమని ఈ సంఘ సభ్యులము నిర్ణయించుకొనిన, దానికి చందా అక్కరలేదు, తీర్మానము అక్కరలేదు. ఇంక కొలదిసేపటికి మనమందరము భోజనమునకు కూర్చుందుము. ఏ పిల్లయైన రెండవ గారెకు చేయి చాపిన, వడ్డించువారు మాటాడక వడ్డింపవలెనని మాత్రము ప్రార్థించుచున్నాను.